ఒక్క పేరు, ఒక్క ఫోన్

మనిషి పోయిన ఇంటివాళ్ళను పట్టుకుని "జుట్టెంత పొడుగున్నదమ్మా?" అని అడిగింది సుజన.

అడిగి అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ముహూర్తం పొద్దుగాలనా, రాత్రా? పొద్దుగాల అయితే మొగ్గలు ముందురోజే కుట్టి తడిబట్టల పెడ్త" అని కూడా అంది, పెళ్ళివారితో మాట్లాడే ఆ మెత్తని గొంతుతోనే. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఎవరో ఆడమనిషి, "మా అన్న పోయిండమ్మా, పాడె సామాను కోసం చేసిన..." అని, మిగతా మాట అనలేక ఏడ్చేసి ఫోన్ పెట్టేసింది.

సుజన ఫోన్‌ను చాప మీద పెట్టి దానివైపే చూస్తూ కూర్చుంది. ఒళ్ళో అరటి డొప్ప, దాని మీద సగం దాకా కుట్టిన మల్లెమొగ్గలు. ఎల్లుండి మాదన్నపేటలో శారదమ్మ కూతురు రచన పెళ్ళి. పెళ్ళికూతురికి వేసే పూలజడ ఎలా ఉంటుందో ముందుగా చూపించమని శారదమ్మ అడిగితే మచ్చుకు కుడుతున్నదది. సూది వేలిలో దిగినా నొప్పి తెలియలేదు.

"ఎవలే ఫోన్ల?" అంది వంటింట్లోంచి అత్త ఆండాలు.

"మీ కొడుకు తెచ్చిన గిరాకి."

"మంచిదే గదా, గంత ఎడ్డిమొఖం ఎందుకు?"

"మంచిదే అత్తమ్మా. ఆమె అన్న సచ్చిపోయిండు. నేను జుట్టెంత పొడుగని అడిగిన."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆండాలు కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, కోడలి ముఖం చూసి, "అయ్యో, అయ్యో" అని అక్కడే గడప మీద కూలబడింది.

కార్వాన్‌లో సుజన మామ సాయిలు దుకాణానికి నిన్నటిదాకా బోర్డే లేదు. వెదురు బొంగులు, తెల్లబట్ట, కొత్త కుండలు, గులాలు. చూడగానే అది ఏ దుకాణమో తెలుస్తుంది. తెలియగానే జనం ముఖం తిప్పుకుని పోతారు. అవసరం పడ్డవాళ్ళు మాత్రం తల దించుకుని వచ్చి, కావలసినవి తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్తారు. సాయిలు ఎవరినీ రమ్మనడు, కూర్చోమనడు. అతని నాయన కాలం నుంచీ అదే పద్ధతి.

అలాంటి దుకాణానికి నిన్న సాయంత్రం పేరు పెట్టాడు అతని కొడుకు, సుజన మొగుడు సాయికుమార్. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. తండ్రి పని మీద బయటికి వెళ్ళిన సమయం చూసి, దుకాణం నెత్తిన, పూలజడతో నవ్వుతున్న పెళ్ళికూతురి బొమ్మ వేసి, ఇంత పొడుగు ఫ్లెక్సీ కట్టించాడు. సాయి ఆల్ సర్వీసెస్. టెంట్ హౌస్, క్యాటరింగ్, పూలజడలు, ఫ్రీజర్ బాక్స్, అంతిమయాత్ర సామగ్రి. సకల కార్యములకు ఒక్క పేరు, ఒక్క ఫోన్. ఆ ఒక్క ఫోన్ ఎవరిదో చెప్పాలా? సుజనదే.

పొద్దు నడినెత్తికెక్కే వేళకు గేటు చప్పుడైంది. సాయికుమార్ ఈల వేసుకుంటూ వచ్చాడు.

"ఏంది, ఇద్దరు గిట్ల కూసున్నరు? ఫోన్ ఒచ్చిందా?"

"ఒచ్చింది" అంది సుజన.

"చూసినవా! నేను చెప్పలే? ఒక్క రాత్రిల..."

"సచ్చిపోయినాయన జుట్టెంత పొడుగున్నదని అడిగిన."

సాయికుమార్ నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత ఏమైందో ఏమో, ముక్కులోంచి చిన్న నవ్వు జారింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, కానీ జారిన నవ్వు జారినట్టే అయిపోయింది.

"నవ్వుతున్నవా?" సుజన లేచి నిలబడింది. ఒళ్ళోని మొగ్గలు చాప నిండా రాలాయి. "ఆడామె ఎట్ల ఏడ్సిందో తెలుసా నీకు? నా గొంతు ఇన్నంక ఆమె ఇంట్ల నన్ను ఎన్ని తిట్లు తిట్టుకుంటున్నరో!"

"అరె, నవ్వలే. కొత్త గదా. నాలుగు రోజులైతే అలవాటైతది. ఫోన్ ఎత్తంగనే, సాయి ఆల్ సర్వీసెస్, చెప్పుండ్రి, శుభమా అశుభమా అని అడిగితే అయిపాయె."

"నువ్వడుగు. నీ నంబర్ ఏసుకోని నువ్వే అడుగు."

"నా గొంతుకు ఎవలు ఆగుతరు? నీ గొంతు మెత్తగ ఉంటది. గందుకే..."

"నా గొంతు నాది! నా నంబర్ నాది! నన్నొక్క మాట అడిగినవా?"

"అడిగితే ఒద్దంటవని అడగలే."

ఆహా, ఎంత నిజాయితీ! దొంగ కూడా ఇంత సూటిగా ఒప్పుకోడు. సుజనకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చి మాట పెగలలేదు.

సాయికుమార్ చాప మీద కూర్చుని రాలిన మొగ్గలు ఏరడం మొదలుపెట్టాడు. గొంతు తగ్గించాడు.

"జర ఇను సుజనా. ఇయ్యాల రేపు మనిషి పోతే ఇంట్ల పిల్లలు ఫోన్ల వెతుకుతున్నరు. ఎవ్వడు ముందు ఎత్తితే వాంది పని. ఫ్రీజర్ బాక్స్ నుంచి దినాల భోజనం దాక అన్ని వాడే చూసుకుంటడు. బాపు దుకాణం ముంగటికెళ్ళే పోతున్నయి ఆళ్ళ బండ్లు. ఇంగ బాపు దగ్గరికి ఎవలు ఒస్తరు? టెంట్ హౌస్ ప్రేమ్‌రాజ్ టెంట్లు ఇస్తనన్నడు, వంట గంజులు ఇస్తనన్నడు. పెండ్లికేసిన టెంటే దినాలకు ఏస్తరు. పెండ్లికి వండిన గంజులల్లనే దినాలకు వండుతరు. గప్పుడు లేని అంటు నీ పూలకేంది?"

"టెంటు నెత్తి మీద ఉంటది. జడ ఒంటి మీద ఉంటది."

ఆండాలు గడప మీద నుంచే, "జడల సంగతొస్తే నన్నెవలన్న అడిగిన్రా?" అంది, లొల్లి చల్లార్చాలని. "ఊరందరికి అల్లుతది నా కోడలు, నాకు మూరెడు పూలియ్యలే ఇంత వరకు. పసుపుకుంకుమల తోని పోతగ, గప్పుడన్న ఏస్తవా ఓ జడ?"

"గవేం మాటలు అత్తమ్మా" అంది సుజన విసుగ్గా.

ఆండాలు వేళాకోళం అక్కడ ఎవరికీ పట్టలేదు. సాయికుమార్ గుప్పిట్లో మొగ్గలు అలాగే ఉన్నాయి.

"బడిల నన్నేమని పిలిచేటోళ్ళో నీకెరుకనా?" అన్నాడు తల ఎత్తకుండా. "పాడె సాయి. హాజరు పిలిచేటప్పుడు సారు కూడ నవ్వేటోడు. పిల్లనిస్తమని ఒచ్చినోళ్ళు దుకాణం చూసి చాయ్ తాగకుండ లేచిపోయిన్రు. నీ నాయిన ఒక్కడే లెవ్వలే. దుకాణం బంజెయ్యుమంటే బాపు చేస్తడా? చెయ్యడు. అందుకే పెద్ద బోర్డు పెట్టి, నాలుగు పనుల నడుమ దాన్ని దాస్తున్న."

దాస్తున్న అనే మాట దగ్గరే సుజన ఆగిపోయింది. అంటే పూలజడ ముసుగన్నమాట. మామగారి దుకాణానికి తన పేరును ముసుగు వేస్తున్నాడన్నమాట మొగుడు. సుజనకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లో ఆమె సాయిలు కోడలు, సాయికుమార్ భార్య. పెళ్ళిళ్ళ ఇళ్ళల్లో మాత్రం, "సుజన ఒచ్చింది, సుజనను పిలువుండ్రి, సుజన చెయ్యి పడితే పిల్ల లక్ష్మీదేవే" అంటారు. ఆమెకున్నదల్లా ఆ ఒక్క పిలుపు. దానికోసమే వేళ్ళన్నీ సూదిపోట్లు చేసుకుంది.

"నా నంబర్ తియ్యి" అంది. "ఇయ్యాలనే తియ్యి."

"నేను తియ్య" అన్నాడు సాయికుమార్.

గేటు ముందు ఆటో ఆగింది. కిటికీలోంచి చూసిన ఆండాలు, "శారదమ్మ" అంది, పాము ఇంట్లో దూరినట్టు.

శారదమ్మను చూడగానే సాయికుమార్ వెనక గదిలోకి జారుకున్నాడు. లొల్లి పెట్టడానికి ముందుండే మగాళ్ళు, తీర్చే వేళకు ఎప్పుడూ వెనక గదిలోనే ఉంటారు.

శారదమ్మ లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి ఫోన్ తీసి, సుజన ముఖం ముందు పెట్టింది. అందులో ఫ్లెక్సీ ఫోటో. వాట్సాప్‌లో కార్వాన్ నుంచి మాదన్నపేటకు రావడానికి ఎంతసేపు?

"గీ నంబర్ నీదే గదా బిడ్డా?"

"నాదే అమ్మా. లోపటికి రండి, కూసొని..."

"కూసోను. పెండ్లి ఇల్లు నాది. గీ దుకాణం ఎవలది?"

సుజన ఒక క్షణం తటపటాయించింది. "మా మామయ్యది."

"నువ్వు నాతోని ఏం చెప్పినవ్? మా మామది వెదురు దుకాణం అని చెప్పినవ్."

"వెదురే అమ్మా."

"వెదురే! దేనికి వెదురో చెప్పలే." శారదమ్మ గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. "బిడ్డా, నాకు నీ మీద ఏం లేదు. నాకున్నది ఒక్క పిల్ల. మా ఆడిబిడ్డలు ఫోటో చూసి పొద్దటి సంది ఫోన్ల మీద ఫోన్లు. పాడె కట్టిన చేతులతోని పిల్లకు జడేపిస్తవా అని నన్ను తింటున్నరు. నేనేం చెప్పాలె?"

"పాడె నేనెందుకు కడ్త అమ్మా! నేను ఆ దుకాణం మెట్టు కూడ తొక్కలేదు."

"నిజమా?"

"నిజం. పెండ్లై ఒచ్చినప్పటి సంది ఒక్కసారి తొక్కలే. ఆ దుకాణానికి నాకు ఏం సంబంధం లేదు. బోర్డు మా ఆయన నన్ను అడగకుండ పెట్టిండు. తీపిస్త."

శారదమ్మ ఆమెను కాసేపు పరీక్షగా చూసింది. తర్వాత చెయ్యి చాపింది. పసుపు కొట్టుకుని వచ్చిన చెయ్యి, ఇంకా పచ్చగా ఉంది.

"చేతిల చెయ్యెయ్యి. నీ చేతులు అసుంటి పని ముట్టలేదు, ముట్టయి అని చెప్పు. గప్పుడు నేను ఎవ్వలేమన్న పట్టించుకోను. మా రచన జడ నువ్వే ఏస్తవ్."

సుజన వెనక్కి చూసింది. ఆండాలు నేల చూపులు చూస్తోంది. వెనక గది తలుపు సందులో సాయికుమార్ నీడ కదలకుండా ఉంది.

"ముట్టలేదు, ముట్టయి" అంది సుజన, శారదమ్మ చేతిలో చెయ్యి వేసి.

శారదమ్మ ఆ చేతిని గట్టిగా పట్టుకుని వదిలింది. "బోర్డు ఇయ్యాల పొద్దుగూకేలోపు తియ్యాలె బిడ్డా. ఫికర్ పెట్టకు నన్ను" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆటో కదిలింది.

సుజన ఊపిరి పీల్చుకుని గుమ్మంలోంచి వాకిట్లోకి చూసింది.

వాకిట్లో, కిటికీ కిందనే ఉన్న నల్లా దగ్గర సాయిలు నిలబడి ఉన్నాడు. దుకాణం నుంచి వస్తే స్నానం చేయకుండా గడప తొక్కడు అతను, వానైనా చలైనా సరే. బకెట్ నిండి నీళ్ళు పొర్లి పోతున్నాయి. చెంబు చేతిలోనే ఉంది. తల మీద నుంచి కారిన నీళ్ళు చొక్కా లేని భుజాల మీద అప్పటికే ఆరిపోతున్నాయి. అంటే స్నానం అయిపోయి చాలాసేపే అయింది.

"మామయ్యా..." అంది సుజన.

సాయిలు నల్లా కట్టేశాడు. కండువాతో తల తుడుచుకుంటూ లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం పూట అతను ఇంటికి రావడమే వింత. ఆండాలు మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. తాగలేదు.

"సాయిగా" అన్నాడు, గొంతు పెంచకుండా. సాయికుమార్ వెనక గదిలోంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక చెల్లె ఒచ్చింది దుకాణానికి. ఆమె అన్న పోయిండట. బోర్డు మీదున్న నంబర్‌కు ఫోన్ చేస్తే, జుట్టెంత పొడుగని అడిగిన్రంట. సామాను తీసుకుంటందుకు కాదు, నన్ను తిట్టేటందుకే ఒచ్చింది. తిట్టింది. నేను చేతులు జోడించి మాఫీ అడిగిన."

"నా తప్పు మామయ్యా" అంది సుజన. "నాకు తెల్వక..."

"నీ తప్పు నేననలే బిడ్డా." సాయిలు ఆమె వైపు చూడలేదు. ఎప్పుడూ బిడ్డా అన్నప్పుడు కళ్ళల్లోకి చూసే మనిషి, ఈ పూట గోడకున్న క్యాలెండర్ వైపు చూశాడు. "ఆ బోర్డు నాకు పూరాగ చదువొస్తలేదు. పై అక్షరాలు పెద్దగున్నయి, చదివిన. కింద సన్నగ ఏదో రాసిన్రు. ఏంది గది?"

సాయికుమార్ ఫోన్ తీసి ఫోటో పెద్దది చేసి చూశాడు. అతని ముఖం మాడిపోయింది.

"చదువు."

"ఫ్లెక్సీ కొట్టేటోడు అన్ని బోర్డులకు ఏసేటిదే బాపూ. నేను చూసుకోలే."

"చదువురా."

"మళ్ళీ దయచేయండి."

ఆండాలు రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆ మాట ఆ దుకాణంలో ఏనాడూ వినిపించలేదు. పొరపాటున గిరాకీయే "మళ్ళొస్త సాయిలన్నా" అంటే, "ఆ మాట తప్పు, అనకు" అని దండం పెట్టి పంపేవాడు సాయిలు. అలాంటి మాట అతని నెత్తిన, రంగుల్లో, రాత్రంతా దీపాల వెలుగులో వేలాడింది.

"తీపిస్త బాపూ. ఆ లైను మీద కాగితం అతికిస్త."

"లైను కాదు. మొత్తం తియ్యి."

"బాపూ, జర సోంచాయించు. నువ్వొక్కనివే ఆడ కూసొని ఎన్నొద్దులు..."

"నేను చెప్పేది ఇను" అన్నాడు సాయిలు. "మీకందరికి ఒక్కటే ఫికర్. నా దుకాణం నీడ పెండ్లిళ్ళ మీద పడ్తదని. ఇంతకు ముందు ఒచ్చిపోయినామెకు గదే భయం. నా కోడలికి గదే భయం. నీకు సిగ్గు. నాకు ఎరుకే. కాని నా కాడికి ఒచ్చేటోళ్ళ గురించి ఎవలన్న ఒక్కలు అనుకున్నరా? కొడుకు పోయిన తల్లి ఒస్తది. తలకాయ ఎత్తితే ఆమెకు పెండ్లిపిల్ల బొమ్మ కనవడాల్నా? పూలజడేసుకోని నవ్వుతున్న పిల్లను చూసి ఆమె ఏం కావాలెరా?"

సాయికుమార్ ఫోన్ జేబులో పెట్టేశాడు.

"పాడె సాయి అన్నరంట నిన్ను. నాకు గియ్యాలనే తెలిసింది" అన్నాడు సాయిలు. అంటే ఆ మాట కూడా విన్నాడు. నల్లా దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో! "చిన్నప్పుడే చెప్తే ఏం చేసెటోన్నో నాకు తెల్వదు. దుకాణమైతే బంజేస్తుండకపోతి. అబద్ధమెందుకు చెప్పాలె."

తర్వాత కోడలి వైపు తిరిగాడు. ఈసారి కళ్ళల్లోకే చూశాడు.

"నువ్వు మంచిగ చెప్పినవ్ బిడ్డా. మెట్టు తొక్కలేదని. ఇగ తొక్కకు."

చెంపదెబ్బ కొట్టినా అంత బాధపడేది కాదు సుజన. జ్వరం వచ్చి మంచాన పడితే గుల్జార్ హౌజ్ దాకా నడిచి వెళ్ళి సంత్రాపళ్ళు తెచ్చిన మామ. కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఆమె ముక్కు పట్టుకుంటుందేమోనని, దుకాణంలో వేసుకున్న బట్టలు ఈ ఇంటి దండెం మీద ఏనాడూ ఆరేయని మామ. అతన్ని గుమ్మం ముందే నిలబెట్టి, ఏం సంబంధం లేదు పొమ్మంది తను. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"మామయ్యా, నేను గట్ల అనాలని..."

"అన్న మాట అన్నట్టే ఉండనియ్యి. చెయ్యేసి చెప్పినవ్ గదా." సాయిలు లేచాడు. "నిచ్చెన ఏడున్నది?"

"నువ్వు తీస్తే నేను ఈ ఇంట్ల ఉండ బాపూ" అన్నాడు సాయికుమార్. గొంతు వణికింది గాని మాట వణకలేదు. "నేను ప్రేమ్‌రాజ్‌కు మాటిచ్చిన. నీ ఇజ్జతే ఇజ్జతా? నాకు లేదా?"

"సాయిగా! నోరు ముయ్యి!" అంది ఆండాలు.

సాయిలు వాకిట్లోకి దిగి, ప్రహరీ గోడకు వారగా ఉన్న నిచ్చెన పట్టుకున్నాడు. సాయికుమార్ పరుగున వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడు. తండ్రీ కొడుకులు చెరో పక్కా పట్టుకుని, లాగకుండా, వదలకుండా, ఒకరి ముఖం ఒకరు చూస్తూ నిలబడిపోయారు.

అప్పుడు మోగింది ఫోన్.

చాప మీద, రాలిన మొగ్గల మధ్య. ఎవరూ కదల్లేదు. అది ఆగి, మళ్ళీ మోగింది. ఆండాలు వంగి చూసి, "రామలింగయ్య సేటు" అంది.

సుజన ప్రాణం కుదుటపడింది. పోనీలే, శుభం పలికేవాళ్ళే. కిందటేడు రామలింగయ్య షష్టిపూర్తికి ఆయన భార్య విమలాదేవికి పూలజడ వేసింది తనే. "ఇంత ముసలిదానికి జడేందే" అని సిగ్గుపడుతూనే, అద్దం ముందు నుంచి లేవకుండా కూర్చుంది ఆవిడ. తిరిగి తిరిగి వెనక జడ చూసుకుంటుంటే, రామలింగయ్య గుమ్మంలో నిలబడి ముసిముసిగా నవ్వాడు. ఆ తర్వాతే ఆవిడకు ఏదో జబ్బు చేసిందనీ, గట్టి మందులు పడుతున్నాయనీ, దవాఖానల చుట్టూ తిరుగుతున్నారనీ విన్నది.

అయినా పొద్దున తిన్న దెబ్బ ఊరికే పోతుందా? శుభమా అనలేదు, ఏ ముహూర్తం అనలేదు. "చెప్పుండ్రి బాపూ" అని మాత్రం అంది.

"బిడ్డా, సుజననా?" చెవుడు వచ్చిన మనిషి, గట్టిగా మాట్లాడతాడు. ఆ మాటలు వాకిట్లోకి కూడా వినబడుతున్నాయి. "మా విమల పోయింది బిడ్డా. ఇప్పుడే."

సుజన గోడకు చెయ్యి ఆనించుకుంది.

"మావోడు బోర్డు చూసొచ్చి చెప్పిండు, ఆ దుకాణం మీదేనని. నాకు తెల్వకపాయె. సామాను సంగతి మీ మామ చూసుకుంటడు, గా ఫికర్ నాకు లేదు. నేను దానికి చెయ్యలే." ఆయన కాసేపు ఆగాడు. ఊపిరి తీసుకునే చప్పుడు వినిపించింది. "ముందుగాలనే చెప్పింది ఆమె. నీకంటె ముందు నేను పోతే, సుజనను పిలిపించి జడేపియ్యి, షష్టిపూర్తినాడు ఏసిందే, గట్లనే అని. నవ్వుకుంటనే చెప్పిందిలే. నేను కూడ నవ్విన. ఇప్పుడు పిల్లలకు చెప్తే, అట్ల ఎవలన్న ఒస్తరా నాయినా అంటున్నరు. ఇసుంటిది నిన్ను అడగొద్దు బిడ్డా. నాకెరుకే. పెండ్లిళ్ళు చేసే చేతులు నీవి. ఒద్దంటే నేనేమనుకోను. అడగకుంటే ఆమెకు మాట తప్పినట్టయితదని అడుగుతున్న."

వాకిట్లో నిచ్చెన మీద నాలుగు చేతులూ అలాగే ఉన్నాయి. సాయికుమార్ భార్య వైపు చూశాడు. సాయిలు ముఖంలో రంగు మారింది. పెళ్ళిపూలు ఏడ్చే ఇంటికి పనికిరావని అతను చెప్పిన మాట ఇంకా పూర్తిగా చల్లారలేదు.

నిచ్చెన వదిలి అతను గుమ్మం దాకా వచ్చాడు. "ఒద్దని చెప్పు బిడ్డా" అన్నాడు, ఎన్నడూ లేనంత మెల్లగా. "చేతిల చెయ్యేసినవ్. ఎల్లుండి పెండ్లి పోతది. ఆ తర్వాత ఏ పెండ్లి రాదు. సేటుకు నేను చెప్తలే. ఫోన్ నాకియ్యి."

ఆండాలు మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని, కోడలి వైపే చూస్తోంది. పొద్దున తను ఆడిన వేళాకోళం ఆవిడకు గుర్తొచ్చింది కాబోలు, కళ్ళనిండా నీళ్ళు.

సుజన తన కుడిచెయ్యి చూసుకుంది. శారదమ్మ పట్టుకున్నచోట పసుపు అంటుకుని ఉంది. వెళ్తే తెలియకుండా ఉంటుందా? ఫోటో ఒక్క పూటలో మాదన్నపేట చేరింది, ఈ వార్త గంటలో చేరుతుంది. సుజన ఒచ్చింది, సుజనను పిలువుండ్రి అనే నోళ్ళే తలుపులు వేసుకుంటాయి. వద్దని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ పెద్దాయన ఏమీ అనుకోనని ముందే చెప్పేశాడు.

అద్దం ముందు నుంచి లేవని ఆ మనిషి కళ్ళ ముందు కదిలింది. మళ్ళీ మళ్ళీ తిరిగి జడ చూసుకున్న మనిషి.

"బిడ్డా? ఉన్నవా?" అన్నాడు రామలింగయ్య.

సాయిలు చాపిన చెయ్యి అలాగే ఉంది. సుజన ఫోన్ ఇవ్వలేదు. పొద్దుటి నుంచి ఏ మాటకు తనను తాను తిట్టుకుంటోందో, ఆ మాటే నోటికి వచ్చింది.

"మందులకు రాలి ఉంటది గదా బాపూ" అంది. "ఇప్పుడు జుట్టెంత పొడుగున్నది?"

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత కుర్చీ వెనక్కి జరిగింది. రామలింగయ్య చూసి చెప్పడానికి లేచాడు.